‘ఫ్రిజ్ కింద నీళ్లొస్తున్నయ్ అన్నా’

మే నెలలో ఫ్రిజ్ మెకానిక్‌కు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ‘చల్లగైతలేదు’ అనే. బోనాలు మొదలయ్యేసరికి మాట మారుతుంది. ‘ఫ్రిజ్ కింద నీళ్లొస్తున్నయ్ అన్నా, జర వచ్చి చూస్తవా’ అంటారు. హైదరాబాద్ అడిక్‌మెట్‌లో చదువుకునే పిల్లలు నలుగురైదుగురు కలిసి అద్దెకుండే గదులు, నల్లకుంట మెస్‌లు, విద్యానగర్ స్టేషన్ చుట్టుపక్కల టిఫిన్ సెంటర్లు, తార్నాకలో పాత అపార్ట్‌మెంట్లు, ఎక్కణ్నుంచి వచ్చినా అదే కంప్లయింట్.

ఈ పనంటే చాలామంది మెకానిక్‌లకు చిరాకు. మార్చే పార్టు ఉండదు, గ్యాస్ నింపేదుండదు, బిల్లులో రాయడానికి ఏమీ కనిపించదు. ఫ్రీజర్‌లో చెయ్యి పెట్టి ఐసు కరిగిస్తూ కూర్చోవాలి. అందుకే కొందరు గుమ్మంలోంచి చూసి ‘గ్యాస్ లీకైంది’ అనో, ‘పాతదైపోయింది, కొత్తది తీసుకోండి’ అనో తేల్చేస్తారు. గ్యాస్ పోతే ఫ్రిజ్ చల్లబడదు, నీళ్లు కారవు. ఆ సంగతి చెప్పినవాడికీ తెలుసు.

ఐటీఐ అయిపోయి కొత్తగా సంచి భుజాన వేసుకున్న కుర్రాడు మొట్టమొదట బాగా పట్టు సంపాదించాల్సిన పని ఇదేనని నా నమ్మకం. వాక్యూమ్ పంపు అక్కర్లేదు, గ్యాస్ సిలిండర్ అక్కర్లేదు. స్క్రూడ్రైవర్లు, మల్టీమీటరు, టార్చి, పెద్ద సిరంజి, మెత్తటి ప్లాస్టిక్ గొట్టం ఉంటే చాలు. చేసిన పని నిలిచిందో లేదో వారం పది రోజుల్లో తేలిపోతుంది. నిలిస్తే ఆ గల్లీలో మీ నంబరు నాలుగు ఫోన్లలోకి ఎక్కుతుంది.

ముందు నీళ్లు ఎక్కడివో తెలియాలి. తలుపు తీసినప్పుడల్లా గదిలో గాలి లోపలికి పోతుంది, అందులోని తేమ చల్లటి కాయిల్ మీద మంచుగా పేరుకుంటుంది. హైదరాబాద్‌లో మే మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉందనుకోండి. ఘనపు మీటరు గాలిలో ఆవిరి సుమారు 10 గ్రాములు. జూలైలో ముసురు పట్టి 28 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే అంతే గాలిలో సుమారు 22 గ్రాములు. ఫ్రిజ్ లోపల 5 డిగ్రీల దగ్గర గాలి మోయగలిగేది 7 గ్రాముల లోపే. మిగతాదంతా లోపలే దిగిపోవాలి. అంటే మేలో 3 గ్రాములు దిగితే జూలైలో 15. తలుపు అన్నే సార్లు తీసినా అయిదు రెట్ల నీరు. దీనికి తోడు మూత పెట్టని సాంబారు గిన్నె, కడిగి నీళ్లు వాడ్చకుండా పెట్టిన ఆకుకూర, వేడివేడిగా తోసేసిన అన్నం.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ నీరు చివరికి చేరేది వెనకాల కంప్రెసర్ మీదుండే ట్రేలోకి. అక్కడ కంప్రెసర్ వేడికి ఆవిరైపోవాలి. ఎండాకాలం ఇట్టే ఆరిపోతుంది, ముసురులో గాలే తడిగా ఉంటే ఆరడం మందగిస్తుంది. కాబట్టి ‘మొన్నటిదాకా మంచిగనే ఉండె’ అని ఇంటావిడ అంటే అది నిజమే. సగం పూడుకుపోయిన డ్రెయిన్ ఎండాకాలమంతా నెట్టుకొచ్చింది, వానల్లో చాలలేదు. ఈ రెండు ముక్కలు ఆవిడకు అర్థమయ్యేలా చెప్పగలిగితే సగం పని అయినట్టే. తర్వాత మీరు ఏం చేసినా ఆవిడ నమ్ముతుంది.

ఇక నీరు బయటికి పోయే దారి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ డబ్బాకే మంచు పడుతుంది. థర్మోస్టాట్ నాబ్ మధ్యలోని బటన్ నొక్కితే కంప్రెసర్ ఆగి మంచు కరుగుతుంది, నీరు ఫ్రీజర్ కింది ట్రేలో పడి, వెనక గోడలో ఉన్న రంధ్రం గుండా కిందికి పోతుంది. పాత మోడళ్లలో ఆ ట్రేని చేత్తో తీసి పారబోయాలి. ఫ్రాస్ట్ ఫ్రీ డబుల్ డోర్‌లో కాయిల్ కంటికి కనిపించదు, ఫ్రీజర్ వెనక ప్యానెల్ చాటున ఉంటుంది. కంప్రెసర్ కొన్ని గంటలు నడిచాక, పాత టైమర్ మోడళ్లలో సుమారు ఎనిమిది గంటలకోసారి, హీటర్ వెలిగి ఆ మంచును కరిగిస్తుంది. నీరు కాయిల్ కిందున్న తొట్టిలో పడి, డ్రెయిన్ రంధ్రంలోంచి వెనకున్న గొట్టం వెంట కిందికి జారి, కంప్రెసర్ మీది ట్రేలో చేరుతుంది. ఈ దారిలో ఎక్కడో ఒకచోట అడ్డం పడింది, లేదా దారే తెగింది. మీరు కనిపెట్టాల్సింది అదొక్కటే.

స్క్రూడ్రైవర్ బయటికి తీయకముందే నేల చూడండి. నీళ్లకంటే ముందు చూడాల్సింది కరెంటు. స్టూడెంట్ల గదుల్లో ఎక్స్‌టెన్షన్ బోర్డు సరిగ్గా ఫ్రిజ్ కిందే పడి ఉంటుంది, దాని మీదే ఫోన్ ఛార్జర్లు. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి ఫ్రిజ్ ముట్టుకోకండి. నాబ్ సున్నాకు తిప్పితే చాలదు, ప్లగ్గు పీకాలి. ఎర్తింగ్ ఉందో లేదో టెస్ట్ ల్యాంపుతో ఓసారి చూసుకోండి, పాత ఇళ్లలో మూడు బెజ్జాల సాకెట్ ఉన్నంత మాత్రాన మూడోదానికి తీగ ఉంటుందని లేదు.

తర్వాత అడగాల్సిన ప్రశ్న: నీళ్లు మొదట ఎక్కడ కనిపించాయి? కూరగాయల డబ్బా కిందా, ముందు తలుపు దగ్గరా, వెనకాలా, ఫ్రీజర్‌లోనా? కూరగాయల డబ్బా తీసి దాని కింద నీళ్లు నిలిచి ఉండి, పైన ఫ్రీజర్ అడుగున అద్దంలాంటి ఐసు పలక కనిపిస్తే డ్రెయిన్ మూసుకుపోయింది. కరిగిన నీరు కిందికి దిగే దారిలేక ఫ్రీజర్‌లోనే గడ్డకట్టి, మిగిలింది గాలి కోసం పెట్టిన సందుల్లోంచి కింది అరలోకి కారుతోంది. లోపలంతా పొడిగా ఉండి నీళ్లు వెనక వైపు మాత్రమే ఉంటే వెనక ట్రే పగిలి ఉంటుంది, పక్కకు జరిగి ఉంటుంది, లేదా అసలు ఉండదు. ఉస్మానియా యూనివర్సిటీ చుట్టుపక్కల ఈ మూడోది ఎక్కువ. పిల్లలు ఏడాదికోసారి గది మారతారు, ఫ్రిజ్ ట్రాలీ ఆటోలో పడుకుని ప్రయాణం చేస్తుంది, ట్రే దారిలో ఎక్కడో రాలిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాడికి అక్కడ ట్రే అనేదొకటి ఉండాలనే తెలియదు. రెండు తలుపుల మధ్య పట్టీ మీద, రబ్బరు చుట్టూ చెమట పట్టి బొట్లు కారుతుంటే డ్రెయిన్‌తో సంబంధం లేదు, గాస్కెట్, అంటే ఆ తలుపు రబ్బరు, చూడాలి. ఇవేవీ కాకుండా పెరుగు గిన్నె ఒలికిందో, నీళ్ల సీసా మూత వదులైందో కూడా అయ్యుండొచ్చు. నవ్వొస్తుంది గానీ, ఆ నీళ్లను వేలితో తాకి జిగటగా ఉందో లేదో చూడకుండా ప్యానెల్ విప్పకండి.

ఒక చిన్న పరీక్ష ఉంది, పైసా ఖర్చు లేదు. సింగిల్ డోర్‌లో వెనక గోడ రంధ్రంలో గోరువెచ్చని నీళ్లు ఒక గ్లాసు నెమ్మదిగా పోసి, వెనక్కి వెళ్లి చెవి పెట్టండి. ట్రేలో టపటపమని పడితే దారి బాగున్నట్టే. చుక్కా పడకపోతే అడ్డం ఉంది. నీళ్లు కొద్దికొద్దిగా ఆగి ఆగి పడితే సగం మూసుకుంది, అది అసలు వానలు మొదలయ్యాక మళ్లీ మిమ్మల్ని పిలిపిస్తుంది. ఇంట్లోవాళ్లను కూడా పిలిచి వినిపించండి.

డబుల్ డోర్‌లో పని కొంచెం ఎక్కువ. సామానంతా తీయించి, ఫ్రీజర్ అరలు బయట పెట్టి, వెనక ప్యానెల్ స్క్రూలు విప్పాలి. ప్యానెల్ వెనక ఫ్యాను తీగల కనెక్టరు ఉంటుంది, గుంజకుండా నొక్కి తీయాలి. కొన్నిసార్లు ప్యానెల్ ఐసుకు అతుక్కుపోయి రాదు. అప్పుడు తలుపు తీసి, టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టి, ఓపిక పట్టడమే. తొందరపడితే ప్లాస్టిక్ చెవులు విరుగుతాయి, ఆ ప్యానెల్ దొరకడం కష్టం. దొరికినా ఆ ఖర్చు మీదే.

ప్యానెల్ వచ్చాక కాయిల్ ఎలా ఉందో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ఇది చాలా ముఖ్యం, ఎందుకో కాసేపట్లో చెప్తాను. కాయిల్ కింద తొట్టి, దాని మధ్యలో వేలు పట్టేంత రంధ్రం. అందులో ఐసు బిరడాలా బిగిసి ఉంటుంది. సిరంజికి మెత్తటి గొట్టం తగిలించి, గోరువెచ్చని నీళ్లు ఆ ఐసు మీదే పడేలా కొద్దికొద్దిగా కొట్టండి. మరిగే నీళ్లు వద్దు, లోపలి ప్లాస్టిక్ పగులుతుంది. నీళ్లు పైకి నిండుతూ ఉంటాయి, స్పాంజితో లాగేస్తూ మళ్లీ కొట్టండి. ఉన్నట్టుండి ‘గుడుక్’ మని నీళ్లు ఒక్కసారిగా దిగిపోతాయి. అప్పుడు ఆపేయకండి. ఇంకో రెండు మూడు సిరంజిలు పోయండి, ఐసు వెనకాల ఉన్న అసలు సరుకు అప్పుడు బయటికొస్తుంది: నల్లటి జిగురు, కొత్తిమీర కాడలు, పాలప్యాకెట్ మూల ముక్క, ఉల్లిపొర.

ఇక ఫ్రిజ్ వెనక్కి వెళ్లి కింది గొట్టం చివర చూడండి. కొన్ని మోడళ్లలో ఆ చివర బాతు ముక్కులాంటి రబ్బరు ఉంటుంది. నీటిని కిందికి వదిలి, బయటి వేడిగాలిని పైకి పోనివ్వకుండా ఆపడం దాని పని. జిగురు పట్టి ఆ ముక్కు అతుక్కుపోతే పైన మీరు ఎంత శుభ్రం చేసినా నీళ్లు నిలుస్తాయి. తీసి, సబ్బు నీళ్లలో కడిగి, వేళ్లతో నొక్కి తెరుచుకుంటోందో లేదో చూసి మళ్లీ పెట్టండి. దాన్ని కోసి పారేసేవాళ్లున్నారు. ఆ రోజుకు బాగానే ఉంటుంది. కానీ తడిగాలి ఆ గొట్టం గుండా పైకెక్కి, రంధ్రం దగ్గర మళ్లీ గడ్డకట్టే వీలుంటుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఐసు కొట్టడానికి కత్తి, స్క్రూడ్రైవర్, ఉలి, ఏదీ వాడొద్దు. కాయిల్ పలుచటి అల్యూమినియం గొట్టం. చిన్న బెజ్జం పడితే పార్టు లేకుండా అయ్యే పని కాస్తా గ్యాస్ పనిగా మారుతుంది, సింగిల్ డోర్‌లోనైతే ఫ్రీజర్ డబ్బాయే పోవచ్చు. పైగా ఇప్పటి ఫ్రిజ్‌లు చాలావాటిలో ఉన్నది ఆర్-600ఏ, అంటే ఐసోబ్యూటేన్, మన వంట గ్యాస్ జాతిది. ఉండేది కొన్ని పదుల గ్రాములే, కానీ మూసిన ఫ్రిజ్ లోపల అంటుకోవడానికి అది చాలు. కంప్రెసర్ మీద స్టిక్కరు చదవండి. మంట పెట్టే గన్నుతో ఐసు కరిగించేవాణ్ని చూస్తే ఆ ఇంట్లోంచి బయటికొచ్చేయండి.

డ్రెయిన్ తెరుచుకుంది, నీళ్లు పోతున్నాయి. చాలామంది ఇక్కడితో ప్యానెల్ బిగించి డబ్బులు తీసుకుని వెళ్తారు. మళ్లీ ఫోన్ వచ్చేది వీళ్లకే. డ్రెయిన్ ఎందుకు గడ్డకట్టింది అన్నదానికి జవాబు ఇంకా దొరకలేదు. ఇందాక తీయమన్న ఫోటో ఇప్పుడు చూడండి. కాయిల్ మీద మంచు పలుచగా, అంతటా సమానంగా ఉండి, అడుగున మాత్రమే ఐసు ఉంటే చెత్త పడి రంధ్రం పూడింది, మీ పని అయిపోయింది. కాయిల్ మొత్తం తెల్లటి మంచు దిమ్మలో కూరుకుపోయి ఉంటే డీఫ్రాస్టే జరగడం లేదు. హీటర్, బైమెటల్ (చల్లదనానికి మూసుకుని, వేడికి తెరుచుకునే స్విచ్చు), థర్మల్ ఫ్యూజ్, టైమర్ వరుసగా మీటరు పెట్టి చూడాలి. ఇన్వర్టర్ మోడళ్లలో టైమరుకు బదులు సెన్సారు, బోర్డు ఉంటాయి. బైమెటల్‌ను చల్లగా ఉన్నప్పుడే పరీక్షించాలి, గది వేడిలో అది తెరుచుకునే ఉంటుంది. దాన్ని చూసి ‘పోయింది’ అని మార్చేవాళ్లు మన మార్కెట్లో కొదవలేదు. ఒక మూల మాత్రమే మంచు గుట్టగా ఉంటే తలుపు రబ్బరులోంచి ఆ పక్కన గాలి పోతోందని అనుమానించండి.

పార్టు దొరక్కపోతే ‘డైరెక్ట్ చేసేద్దాం’ అనడం మన దగ్గర మామూలు. బైమెటల్‌ను, థర్మల్ ఫ్యూజ్‌ను దాటవేసి తీగలు కలిపేస్తారు. అలా చేస్తే మంచు కరిగాక కూడా టైమరు తిరిగేదాకా హీటర్ మండుతూనే ఉంటుంది. దాని చుట్టూ ఉన్నది ప్లాస్టిక్, ఫోము. ఫ్యూజ్‌ను మాత్రం ఎవరు ఎంత బతిమాలినా డైరెక్ట్ చేయకండి. రెండు రోజులు ఆగమని చెప్పండి. అప్పటిదాకా రోజుకోసారి డోర్ తీసి, ఆపి, మంచు కరిగించుకోమనండి. ఆపిన గంటలో పాలు, కూరలు పాడవకుండా పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టుకోమని కూడా మీరే చెప్పాలి. కస్టమర్‌కు ఆ ఆలోచన రాదు, రేపు పాలు విరిగితే మాట మీకే వస్తుంది.

గాస్కెట్ పరీక్షకు పది రూపాయల నోటు చాలు. తలుపులో పెట్టి మూసి లాగండి. పట్టుకుని వదలాలి. ఊరికే జారి వచ్చేస్తే ఆ చోట సందు ఉంది. చాలాసార్లు గాస్కెట్ మార్చనక్కర్లేదు, మడతల్లో పేరుకున్న పచ్చడి నూనె, నల్ల బూజు సబ్బు నీళ్లతో కడిగి, వంగిన చోట వేడి నీళ్లలో ముంచిన గుడ్డ పెట్టి వత్తితే దారికొస్తుంది. ముందు కాళ్లు ఒకింత ఎత్తుగా ఉంటే తలుపు వదిలేసినా తనంతట తానే మూసుకుంటుంది, నీరూ వెనక్కి పోతుంది. చక్రాల ప్లాస్టిక్ స్టాండు మీద పెట్టిన ఫ్రిజ్ ముందుకు వాలి ఉండటం తరచూ చూస్తాం. అట్టముక్క పెట్టి సరిచేస్తే తడికి అది నానిపోతుంది, టైల్ ముక్క పెట్టండి.

వెనక ట్రే గురించి కొంచెం వివరంగా మాట్లాడాలి. కడగడానికి ఎవరూ దాన్ని తీయరు. వానాకాలంలో ఆరని నీరు రోజుల తరబడి అందులో నిలుస్తుంది. డెంగీ మోసే దోమకు శుభ్రమైన నిలవ నీరే ఇష్టం, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. విద్యానగర్ నుంచి నడిచి పోయేంత దూరంలోనే నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి ఉంది. దానికి రోనాల్డ్ రాస్ పేరు పెట్టారు. 1897 ఆగస్టు 20న ఇదే సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసినవాడాయన. ఆయన పనిచేసిన బేగంపేట భవనం ఉస్మానియా యూనివర్సిటీ కిందే ఉంది. ఇంత చరిత్ర ఉన్న చోట ఇంటింటికీ ఒక ఫ్రిజ్ ట్రేలో దోమలు పెంచుకుంటున్నాం. 2020లో తెలంగాణ ప్రభుత్వం ‘ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు’ అని నిలవ నీళ్లు పారబోయమని ప్రచారం చేసింది. పూలకుండీలు, కూలర్లు గుర్తుంటాయి, ఫ్రిజ్ వెనకభాగం గుర్తుండదు. మీరు వెళ్లిన ప్రతి ఇంట్లో, అడక్కపోయినా, ఆ ట్రే తీసి కడిగి చూపించండి. వానాకాలంలో వారానికోసారి పారబోయమనండి. అయిదు నిమిషాల పని, డబ్బులు అడగొద్దు.

ఇళ్లు కాకుండా ఇంకో రకం గిరాకీ పెరుగుతోంది: చక్రాల మీద ఫ్రిజ్. తార్నాక నుంచి హబ్సిగూడ దాకా సాయంత్రాలు వెలిగే ఫుడ్ ట్రక్కులు, జ్యూస్ బళ్లు. విదేశాల్లో క్యాంపర్ ట్రైలర్లలో ఈ సమస్య పాతది. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ టూరిజం మొదలుపెట్టింది, అలాంటి బళ్లు మన వైపూ వస్తే వాటిని చూసుకునే మనిషి కావాలి. ట్రక్కులో ఫ్రిజ్ కష్టాలు రెండు. మొదటిది, తలుపు తీసే లెక్క. తీసినప్పుడల్లా గ్రాము, గ్రామున్నర నీరు లోపలికి పోతుందనుకున్నా, సాయంత్రం గిరాకీలో రెండు వందల సార్లు తీస్తే పావు లీటరు అటూ ఇటూ అవుతుంది. ఇంటి ఫ్రిజ్ ట్రే దానికి సరిపోదు. రెండోది, వాలు. ఇంట్లో ఫ్రిజ్‌ను ఒకసారి సరిచేస్తే అలాగే ఉంటుంది. బండి ఇవాళ ఒకచోట, రేపు ఇంకోచోట. అందుకే యజమానిని మొదట అడగాల్సింది ‘బండి ఎక్కడ నిలబెడతావన్నా, ముందు వైపు పల్లమా ఎత్తా’ అని. వీలైతే సాయంత్రం అక్కడికే వెళ్లి చూడండి, పొద్దున షెడ్డులో చదునుగా ఉన్నప్పుడు చూసి లాభం లేదు.

ట్రక్కులో డ్రెయిన్ గొట్టాన్ని ట్రే దాకా కాకుండా బండి కిందికే తీయడం మంచిది. మధ్యలో ఎక్కడా పొట్టపడకుండా వరుసగా కిందికి దిగాలి. చివర ఒక చిన్న వంపు ఉంటే అందులో నిలిచిన నీరే వేడిగాలిని ఆపుతుంది. చివరన సన్నటి జాలీ కట్టండి, చీమలు, కందిరీగలు దూరకుండా. ఆ చివర జెనరేటర్ పొగ గొట్టం దగ్గరికి పోకుండా చూడండి. కుదుపులకు గొట్టం ఊడిపోతుంది కాబట్టి రెండు చివర్లా క్లిప్పు బిగించాలి. ఇవి చేయకపోతే నీరు ఫ్లోరింగ్ ప్లైవుడ్‌లోకి దిగి, కింద ఇనుప రేకు తుప్పు పడుతుంది. ఫ్రిజ్ రిపేరు కన్నా ఫ్లోరు మార్చడం ఎన్నో రెట్లు ఖర్చు. ఆహార భద్రత నియమాల ప్రకారం చల్లగా ఉంచాల్సిన పదార్థాలు 5 డిగ్రీలు, లేదా అంతకు తక్కువలో ఉండాలి. కాయిల్ మంచులో కూరుకుపోయిన ఫ్రిజ్ అది చేయలేదు. చిన్న థర్మామీటరు ఒకటి లోపల వేలాడదీయించండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు సెలవులకు ఆర్‌వీ, అంటే ఇల్లులాంటి బండి, అద్దెకు తీసుకుని వెళ్తుంటారు. వాటిల్లోని కొన్ని ఫ్రిజ్‌లకు కంప్రెసరే ఉండదు, వంట గ్యాస్ వేడితో అమ్మోనియా మీద నడుస్తాయి. అవి చదునుగా నిలబెట్టకపోతే నీరు కారడమే కాదు, చల్లదనం పోతుంది, అలాగే చాలాసేపు నడిపితే పాడవుతాయి కూడా. ఎవరైనా వీడియో కాల్‌లో చూపించి అడిగితే ముందు ఆ బండి చదునుగా ఉందో లేదో అడగండి, తర్వాత లోపలి ఫిన్నుల కింద ఉన్న చిన్న కాలువ, దాని గొట్టం ఊడిందేమో చూడమనండి.

డబ్బు సంగతి. పార్టు లేని పనికి ఎంత అడగాలో కొత్తవాళ్లకు తెలియదు, అందుకే అబద్ధపు పార్టు పుట్టుకొస్తుంది. పని మొదలుపెట్టకముందే చెప్పేయండి: ‘అమ్మా, చూసి చెప్పినందుకు ఇంత. డ్రెయిన్ క్లీనింగ్ అయితే ఇంత, ప్యానెల్ విప్పాల్సి వస్తే ఇంత. పార్టు ఏదైనా పోతే పాతది మీ చేతిలో పెట్టి కొత్తది వేస్తా.’ ఈ నాలుగు మాటలకు బేరం తగ్గుతుంది. డ్రెయిన్ క్లీనింగ్‌కు నెల రోజుల హామీ ఇవ్వండి, కానీ ఆ హామీ డ్రెయిన్‌కే, హీటర్‌కు కాదని బిల్లు మీద రాయండి. తేదీ, మోడల్, ఏం దొరికింది, కాయిల్ ఫోటో, అన్నీ ఫోన్‌లోనే ఇంటి నంబరు పేరుతో దాచుకోండి. వచ్చే ఏడాది అదే ఇంటి నుంచి ఫోన్ వస్తే ఆ ఫోటో చూసి బయల్దేరవచ్చు.

చదువు విషయానికొస్తే, ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఏసీ ట్రేడ్ పదో తరగతి తర్వాత రెండేళ్లు. విద్యానగర్ శివం రోడ్డులోనే నేషనల్ స్కిల్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, పాతవాళ్లు ఇంకా ఏటీఐ అనే పిలుస్తారు. ఐటీఐలో పాఠం చెప్పేవాళ్లను తయారుచేసే చోటు అది. పనిలో ఉండగానే పాఠం చెప్పేవైపు వెళ్లాలనుకునేవాళ్లు అక్కడ ఏ ట్రేడ్‌లో ఎప్పుడు అడ్మిషన్లో వెళ్లి కనుక్కోవడం మంచిది. సర్టిఫికెట్ లేకుండా ఉస్తాద్ దగ్గరే నేర్చుకున్నవాళ్లకు ‘ముందే నేర్చుకున్న నైపుణ్యానికి గుర్తింపు’ అనే పథకం కేంద్ర ప్రభుత్వ నైపుణ్య శిక్షణలో ఉంది. పెద్ద కంపెనీ సర్వీస్ సెంటర్లో చేరాలంటే అది పనికొస్తుంది.

గిరాకీ కోసం ఫోన్ మోగేదాకా కూర్చోనక్కర్లేదు. జూన్ మొదట్లో, హాస్టళ్లు మళ్లీ నిండే ముందు, నల్లకుంట, విద్యానగర్, తార్నాక మెస్‌ల యజమానుల దగ్గరికి వెళ్లండి. మెస్‌లో మూడు నాలుగు ఫ్రిజ్‌లుంటాయి, మధ్యలో ఒక ఐస్‌క్రీమ్ డీప్ ఫ్రీజర్, పాలు పెట్టుకునే గ్లాస్ డోర్ కూలరు. డీప్ ఫ్రీజర్‌ను ఆపి, అడుగున బిరడా తీసి నీళ్లు పారబోస్తే చాలు, కానీ ఆ బిరడా ఎక్కడుందో మెస్‌లో ఎవరికీ తెలియదు. వానలకు ముందు ఒకసారి, దసరా సెలవుల్లో ఒకసారి అన్ని డ్రెయిన్లు, ట్రేలు, రబ్బర్లు చూసి ఇస్తానని, అన్నింటికీ కలిపి ఒక రేటు చెప్పండి. యజమాని ‘ఇప్పుడు మంచిగనే నడుస్తున్నయ్ కదా తమ్మీ’ అంటే వాదించకండి. గోరువెచ్చని నీళ్లు ఒక గ్లాసు అడిగి, ఆయన ఎదురుగానే డ్రెయిన్‌లో పోసి, వెనకాల ఎన్ని చుక్కలు పడుతున్నాయో ఆయన్నే వినమనండి.